బాక్సర్‌ని గేటు దగ్గర కట్టేయడానికైతే తీసుకోకండి

తమ్ముడూ, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. విజయవాడలో సొంత ఇల్లు, ముందు కొంచెం ఖాళీ స్థలం. ఐదేళ్లు, ఎనిమిదేళ్లు ఉన్న ఇద్దరు పిల్లలు. ఇంట్లో మీ అమ్మగారు. మీరు పొద్దున 9కి వెళ్తే సాయంత్రం 7కి వస్తారు. కాపలాకి బాక్సర్ జాతి కుక్క కావాలి. పగలు గేటు పక్కన కట్టేసి, రాత్రి వదులుతారు. ఒకాయన 35 రోజుల కుక్కపిల్ల ఫోటోలు పంపి రెండు రోజుల్లో తీసుకెళ్లమంటున్నాడు. తీసుకోవచ్చా అని అడిగారు.

ఈ పద్ధతిలో అయితే వద్దు. పద్ధతి మార్చుకోగలిగితే తప్పకుండా తీసుకోండి. అంత ప్రేమగల ప్రాణి మీ పిల్లలకి మళ్లీ దొరకదు. నేను గుంటూరులో ఉంటాను. పదిహేడేళ్లుగా మా ఇంట్లో బాక్సర్ లేని రోజు లేదు. మొదట బ్రూనో, తర్వాత బంగారి, ఇప్పుడు రాకీ. ఈ ముగ్గురి దగ్గర నేర్చుకున్నదే రాస్తున్నాను.

ముందు కాపలా సంగతి. బాక్సర్ మొహం చూసి చాలామంది వాడు భయంకరమైన కుక్క అనుకుంటారు. వాడి ముత్తాతలు జర్మనీలో అడవిపందుల్ని పట్టి, వేటగాడు వచ్చేదాకా వదలకుండా నిలబెట్టే కుక్కలు. వాటిని బుల్లెన్‌బైసర్ అనేవారు. 1890ల్లో మ్యూనిక్‌లో వాటిని ఇంగ్లిష్ బుల్‌డాగ్‌తో కలిపి ఈ జాతిని తయారు చేశారు. ఆ వెడల్పు దవడ, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ అక్కడి నుంచి వచ్చినవే. జర్మనీలో పోలీసు పనికి మొదట్లో ఎంచుకున్న జాతుల్లో ఇదీ ఒకటి. కాబట్టి ధైర్యం, తెలివి రెండూ ఉన్నాయి. కానీ ఆ పని అంతా మనిషి పక్కన ఉండి, మనిషితో కలిసి చేసిన పని. గొలుసుకి ఒంటరిగా కట్టేస్తే చేసేది కాదు.

రాకీ అలా కట్టేసిన ఇంటి నుంచే మాకు వచ్చాడు. మూడేళ్ల వయసు. రోజంతా మెట్ల కింద గొలుసు. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి చర్మం నల్లబడింది. ముందు కాళ్లు తానే నాకి నాకి పుండ్లు చేసుకున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రోజూ కోడిమాంసం పెట్టేవారు, టీకాలు వేయించారు. వాడికి మనుషులు కావాలన్న సంగతి ఎవరూ వాళ్లకి చెప్పలేదు, అంతే. మా ఇంటికి వచ్చిన మొదటి వారం వాడు ఎవరు లేచి నడిచినా వెనకే వచ్చేవాడు, స్నానాల గది తలుపు బయట కూడా కూర్చునేవాడు. నాలుగు నెలలకి ఆ పుండ్లు మందు లేకుండానే మానాయి. ఇప్పుడు హాల్లో పడుకుంటాడు. రాత్రి గేటు చప్పుడైతే ఒక్కసారి, లోతుగా మొరుగుతాడు. ఊరికే మొరిగే అలవాటు లేదు కాబట్టి వాడు మొరిగితే మేం లేచి చూస్తాం. కాపలా అంటే నాకు అదీ.

ఇంట్లోకి రానివ్వడం అంటే మీ అమ్మగారు ఏమంటారోనని మీకు బెంగ ఉన్నట్టుంది. మా అత్తగారు మడి కట్టుకునే మనిషి. బ్రూనోని తెచ్చినప్పుడు మూడు రోజులు మాతో మాట్లాడలేదు. వంటింటి గడప, దేవుడి గది గడప దాటకూడదని మొదటి రోజు నుంచే నేర్పాం. చిన్న చెక్క అడ్డు పెట్టి, వాడు ఇవతలే కూర్చున్న ప్రతిసారీ ఒక చిన్న ముక్క చేతిలో పెట్టేవాళ్లం. రెండు నెలలకి ఆ అడ్డు తీసేశాం. తర్వాత వచ్చిన బంగారి అయితే గడపకి గడ్డం ఆనించి, ఆవిడ కూరలు తరుగుతున్నంతసేపూ చూస్తూ పడుకునేది. చివరికి ఆవిడే "దానికి అన్నం పెట్టారా" అని అందరికంటే ముందు అడిగే స్థితికి వచ్చారు. అయితే చొంగ కారుతుంది, వెంట్రుకలు రాలతాయి, నీళ్లు తాగి వచ్చి చీర కుచ్చిళ్లకి మూతి తుడుస్తుంది, గురక పెడుతుంది, గ్యాస్ వదులుతుంది. ఇవన్నీ ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక్కరు మనస్ఫూర్తిగా వద్దన్నా ఆగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, ఎండ. మన ప్రాంతంలో బాక్సర్‌కి మొదటి శత్రువు ఇదే.

కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, నోట్లోని తడి ఆవిరవుతుంటే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. బాక్సర్‌ది పొట్టి ముక్కు. లోపల గాలి వెళ్లే దారి ఇరుకు. మామూలు కుక్క తేలిగ్గా చేసే పనికి వీడు చాలా కష్టపడాలి, ఆ కష్టానికి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. దానికి తోడు గాలిలో తేమ ఎక్కువగా ఉంటే నోటి తడి ఆవిరవదు. అందుకే హైదరాబాద్‌లో పొడిగా ఉన్న 41 డిగ్రీల కంటే విజయవాడలో ఉక్కపోతతో ఉన్న 38 డిగ్రీలు వీడికి ఎక్కువ ప్రమాదం కావచ్చు. కూలర్ పెడతాం అనుకుంటారు. కిటికీలు మూసిన గదిలో కూలర్ తేమనే పెంచుతుంది. కృష్ణా, గుంటూరు ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఏసీ గదిలో వాడికీ చోటు ఉండాలి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోవాలి. గేటు దగ్గర షెడ్డు వేసి, నీళ్ల గిన్నె పెడితే సరిపోదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. బ్రూనోకి రెండేళ్లప్పుడు, మే నెలలో సాయంత్రం ఐదున్నరకి నడకకి తీసుకెళ్లాను. ఎండ తగ్గిందనుకున్నాను. రోడ్డు మాత్రం సలసలమంటోంది. పది నిమిషాలకి వాడు రొప్పడం గరగరమనే శబ్దంగా మారింది. నాలుక ముదురు ఎరుపుకి తిరిగింది. చొంగ జిగురులా సాగింది. వెనక కాళ్లు తడబడి కూలబడ్డాడు. పక్కింటివాళ్లు పరుగున వచ్చి తడి గోనెపట్టా కప్పారు. మంచి మనసుతోనే చేశారు, కానీ అది తప్పు. ఒంటిని చుట్టేసిన తడి గుడ్డ కాసేపటికే వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. చేయాల్సింది నీళ్లు పోస్తూనే ఉండటం, గాలి తగిలించడం. కుళాయి నీళ్లయినా ఫరవాలేదు. పొట్ట, తొడల లోపలి వైపు, ఛాతీ బాగా తడపాలి. ఫ్యాను గాని, కారు ఏసీ గాని ఎదురుగా ఉండాలి. తాగుతానంటే కొంచెం కొంచెంగా నీళ్లివ్వాలి, బలవంతంగా నోట్లో పోయకూడదు. ముందు చల్లబరచడం మొదలుపెట్టి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరాలి. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. బ్రూనోకి ఆస్పత్రిలో చూస్తే 106 దాటింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. బతికాడు. నూట పాతిక రూపాయల థర్మామీటరు ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

అప్పటి నుంచి మా నియమం ఒకటే. మార్చి నుంచి జూన్ చివరిదాకా నడక తెల్లవారుజామున ఐదింటికి, మళ్లీ రాత్రి తొమ్మిది తర్వాత. అరచేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడి కాళ్లకీ ఆ రోడ్డు పనికిరాదు. మెడకి పట్టీ వేసి లాగితే గొంతు నొక్కుకుంటుంది కాబట్టి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. పిల్లని ఎంచుకునేటప్పుడు కూడా ముక్కు రంధ్రాలు చూడండి. సన్నని చీలికల్లా మూసుకుపోయి ఉంటే, నిద్రలో కూడా గొంతు గరగరమంటుంటే, ఎంత ముద్దుగా ఉన్నా ఆ పిల్ల వద్దు. తల్లి ఎలా ఊపిరి తీసుకుంటోందో కూడా కాసేపు కూర్చుని గమనించండి.

35 రోజుల పిల్ల అసలు ఎందుకు వద్దంటున్నానంటే, మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఒక పెద్ద పాఠం నేర్చుకుంటుంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందో, ఎక్కడ ఆగాలో అప్పుడే తెలుస్తుంది. బాక్సర్ పిల్ల నోటితో, ముందు కాళ్లతో ఆడేది. ఆ పాఠం రాకుండా తెస్తే మీ ఐదేళ్ల పాప చేతుల మీద ఆ పళ్లు పడతాయి. రెండు రోజుల్లో తీసుకెళ్లమని తొందరపెట్టే మనిషి దగ్గర ఏ వయసు పిల్లనైనా కొనకండి. తల్లిని చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలు ఉన్నాయంటే, కాగితం మీది మైక్రోచిప్ నంబరు పిల్ల ఒంట్లోని చిప్‌తో సరిపోతోందో స్కానర్‌తో చూపించమనండి.

రంగు గురించి ఒక మాట. "అరుదైన తెల్ల బాక్సర్" అని ఎక్కువ రేటు చెబుతారు. తెల్ల బాక్సర్ అరుదు కాదు. మూతి, ఛాతీ, కాళ్ల మీద తెల్ల మచ్చలు బాగా ఉన్న తల్లిదండ్రులిద్దరికీ పుట్టే పిల్లల్లో సుమారు నాలుగో వంతు తెల్లగా పుట్టవచ్చు. వాటిలో చెవుడు రంగు పిల్లల కంటే చాలా ఎక్కువ. ఎండకి చర్మం కాలిపోతుంది కూడా. తెల్ల పిల్ల కూడా మంచి పిల్లే, ప్రేమగా పెంచవచ్చు, కానీ తెలిసి తెచ్చుకోవాలి. పిల్ల మీ వైపు చూడనప్పుడు వెనక నుంచి తాళాలు గలగలలాడించి చూడండి. మామూలు రంగుల్లో బెల్లం రంగు, పులిచారల రంగు రెండూ సమానమే. తోక, చెవులు కోయించనే వద్దు. ఈ జాతి పుట్టిన జర్మనీలోనే అది నిషేధం.

తర్వాత గుండె. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బంగారిని మేం ఆలస్యంగా అర్థం చేసుకున్నాం.

బాక్సర్లలో వంశపారంపర్యంగా ఒక గుండె జబ్బు ఉంది. గుండె కండరంలో మార్పు వచ్చి, కొట్టుకునే లయ తప్పుతుంది. బయటికి ఏ లక్షణమూ ఉండదు. ఒకరోజు బంతి వెనక పరుగెత్తుతూనో, మనం ఇంటికొచ్చామన్న సంబరంలో గెంతుతూనో ఠక్కున పడిపోతుంది. అరనిమిషంలో ఏమీ జరగనట్టు లేస్తుంది. కొన్ని కుక్కలకి ఆ మొదటి లక్షణమే చివరిది కూడా. బంగారికి ఆరేళ్లప్పుడు అలా రెండుసార్లు పడింది. చూపించిన చోట మూర్ఛ అన్నారు, రెండు నెలలు మూర్ఛ మాత్రలు వేశాం. తేడా లేదు. మూడోసారి పడినప్పుడు నేను వీడియో తీశాను. ఆ వీడియో వేరే డాక్టరు గారికి చూపిస్తే, "మూర్ఛలో కాళ్లు కొట్టుకుంటాయి, లేచాక కాసేపు అయోమయంగా ఉంటుంది. ఇది గుడ్డముక్కలా పడి, లేవగానే మామూలుగా ఉంది. గుండె చూద్దాం" అన్నారు. ఈసీజీలో గుండె లయ తప్పి కొట్టుకోవడం వరసగా కనిపించింది. గుండె లయని అదుపులో ఉంచే సోటలాల్ మాత్రలు మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండున్నరేళ్లు హాయిగా ఉంది. ఆ రెండు నెలలు వృథా కాకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని మీరు చేయవలసినవి. పిల్లని కొనే ముందు తల్లి, తండ్రి, తాతముత్తాతలు ఎలా చనిపోయారని అడగండి. "ఆడుకుంటూ హఠాత్తుగా పోయింది" అన్న మాట వినిపిస్తే ఆ వంశం వదిలేయండి. మీ కుక్కకి మూడేళ్లు దాటాక ఏడాదికోసారి ఈసీజీ తీయించండి. ఒక్క నిమిషం ఈసీజీలో దొరకనిది 24 గంటలు ఒంటికి కట్టి నమోదు చేసే హోల్టర్ పరీక్షలో దొరుకుతుంది, అది ఎక్కడ వీలవుతుందో మీ డాక్టరుని అడిగి ఉంచుకోండి. మీకు దగ్గరలో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది, పెద్ద సమస్య వస్తే అక్కడి బోధనాసుపత్రిని కూడా గుర్తుంచుకోండి. ఇంకొక మాట, దీన్ని కుక్క టీకా కార్డు మీద ఎర్ర సిరాతో రాసుకోండి: ఏసిప్రొమజైన్ అనే మత్తుమందు బాక్సర్లకి పడకపోవచ్చు. దానికి బీపీ బాగా పడిపోయి స్పృహ తప్పిన బాక్సర్లు ఉన్నాయి. గోళ్లు కత్తిరించడానికో, ప్రయాణానికో మత్తు ఇస్తామంటే ఏ మందు అని ముందే అడగండి.

క్యాన్సర్ గడ్డలు కూడా ఈ జాతికి ఎక్కువ. చర్మం మీద వచ్చే మాస్ట్ సెల్ గడ్డ చూడటానికి దోమ కుట్టిన దద్దురులా, కొవ్వు ముద్దలా ఉంటుంది. ఒకరోజు ఉబ్బి మర్నాడు తగ్గుతుంది కూడా. వారానికోసారి ఒళ్లంతా చేత్తో తడిమి చూడండి. కొత్తది ఏది తగిలినా సన్నని సూదితో తీసి పరీక్షించమనండి. "చూద్దాం, పెరిగితే తీద్దాం" అనుకోవద్దు. సమయానికి తీస్తే చాలావరకు అక్కడితో పోతుంది. బ్రూనో మాత్రం లింఫోమా అనే క్యాన్సర్‌తో తొమ్మిదేళ్లకి వెళ్లిపోయాడు. గొంతు కింద బిళ్లలు రెండు వైపులా నిమ్మకాయలంత అయ్యాయి, అప్పటికే ఆలస్యం. బాక్సర్ ఆయుష్షు పదేళ్లు, అటూ ఇటూ. పిల్లలకి ఈ మాట ముందే మెల్లగా తెలియడం మంచిది.

కంటిలో నీరు కారుతూ కన్ను మూసుకుంటుంటే ఇంట్లో ఉన్న కంటి చుక్కలు వేసేయకండి. వీటికి నల్లగుడ్డు మీద మానని పుండు పడటం మామూలు, స్టెరాయిడ్ ఉన్న చుక్కలు పడితే కన్ను పోవచ్చు. విరేచనంలో జిగురు, నెత్తురు వారాల తరబడి వస్తుంటే "అరగలేదు" అని సరిపెట్టుకోకుండా పెద్దపేగు పరీక్ష చేయించండి, బాక్సర్లలో ఎక్కువగా కనిపించే పేగువాపు ఒకటుంది.

గోమార్ల (టిక్స్) సంగతి మన ఊళ్లలో కుక్క ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిందే. వానాకాలంలో చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో రోజూ చూడాలి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. టిక్ ఫీవర్‌లో ఒక్క రోజు తేడా కూడా పెద్దదే.

తిండి. మన ఇళ్లలో కుక్కంటే పెరుగన్నం. అన్నం పెట్టవచ్చు, తప్పులేదు, కానీ అదొక్కటే అయితే బాక్సర్ కండ నిలవదు. ఎదిగాక మగది 30 కిలోలు దాటుతుంది, ఆడది 25 దగ్గర ఉంటుంది. అందులో అంతా కండే. మేం రెండు పూటలా ఉడికించిన ఎముకల్లేని చికెన్, గుడ్డు, కొంచెం అన్నం, గుమ్మడికాయ పెడతాం, మొదటి ఏడాది మాత్రం పెద్ద జాతి పిల్లల డ్రై ఫుడ్డే ఎక్కువ పెట్టాం. ఉడికిన కోడి ఎముకలు, ఉల్లిపాయ పడిన కూర, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష వద్దు. మీ అమ్మగారు ప్రసాదంలో కిస్‌మిస్ వేస్తే ఆ గిన్నె అందకుండా పెట్టమనండి. తిన్న వెంటనే గంతులేయనివ్వకండి, ఛాతీ లోతుగా ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. కడుపు డోలులా ఉబ్బి, కక్కడానికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే అర్ధరాత్రి అయినా బయల్దేరాల్సిందే. ఖర్చు అడిగారు కదా, తిండి, గోమార్ల మాత్ర, టీకాలు అన్నీ కలిపి సగటున మాకు నెలకి ఏడెనిమిది వేలు అవుతోంది. అది కాక ఆపరేషన్ లాంటి అవసరానికి యాభై వేలు పక్కన పెట్టి ఉంచాం. బంగారి విషయంలో ఆ డబ్బే ఆదుకుంది.

పిల్లలతో ఎలా ఉంటాడు అంటే, చాలా బాగా. కానీ బాక్సర్‌కి మూడేళ్లు వచ్చేదాకా పసితనం పోదు. ఒళ్లు మాత్రం ఏడాదికే పెద్దదైపోతుంది. సంతోషం వస్తే నిలబడి ముందు కాళ్లు భుజాల మీద వేస్తాడు. మీ ఐదేళ్ల పాప కింద పడుతుంది. మీ అమ్మగారు పడితే తుంటి ఎముక ప్రమాదం. అందుకే రెండు నెలల వయసు నుంచే నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరించడం, గెంతితే అటు తిరిగి నిలబడటం ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. ఒకరు ముద్దుచేసి ఒకరు కసిరితే వాడికి ఏమీ అర్థం కాదు. కొట్టొద్దు. ఈ జాతి మనసు చాలా సున్నితం, కొట్టిన చేతిని చూస్తే రోజుల తరబడి ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో నడక తగ్గినప్పుడు పాత తువ్వాలు మడతల్లో చికెన్ ముక్కలు దాచి వెతకమనండి. అరగంట అలా వెతికితే నడకలో అలిసినంత అలిసిపోతాడు.

ప్రమాదకరమైనవని 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని 2024 మార్చిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు గురించి కూడా మీరు అడిగారు. ఆ జాబితాలో బాక్సర్ లేదు, పైగా ఆ ఉత్తర్వుని తర్వాత హైకోర్టు కొట్టేసింది. కార్పొరేషన్ లైసెన్స్ తీసుకోండి, రేబిస్ టీకా ఏటా వేయించి కార్డు దాచుకోండి.

ఇక మీ 9 నుంచి 7. పది గంటలు మీరు లేకపోయినా ఇంట్లో అమ్మగారు ఉంటారు, మధ్యాహ్నానికి పిల్లలు వస్తారు, అది మంచిదే. కానీ ఐదింటికి లేచి నడకకి తీసుకెళ్లేది ఎవరు, మధ్యాహ్నం బయటికి వదిలేది ఎవరు అన్నది ఈ ఆదివారం అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మీ అమ్మగారి మీద వదిలేసే ఆలోచన అయితే పిల్లని కాకుండా, నేర్పు ఉన్న నాలుగైదేళ్ల పెద్ద కుక్కని దత్తత తీసుకోండి. రాకీ లాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ గొలుసుకి ఉన్నారు, ఇచ్చేద్దామనుకునే ఇళ్లూ ఉన్నాయి. ఒకవేళ పిల్లే కావాలనుకుంటే ఇప్పుడు వద్దు, వానలు పడనివ్వండి. జూలై తర్వాత తెస్తే మొదటి ఎండాకాలం వచ్చేసరికి వాడికి ఒంట్లో కొంత బలం, మీకు వాడి రొప్పులో ఏది మామూలో ఏది కాదో తెలిసే అనుభవం వస్తాయి. ఆ 35 రోజుల పిల్ల అమ్మేవాడికి మాత్రం ఈ రోజే వద్దని చెప్పేయండి. పెంపకందారుని చూడటానికి వెళ్లే ముందు ఏమైనా అడగాలంటే ఇక్కడే రాయండి, తల్లి కుక్క ఊపిరి తీస్తున్న చిన్న వీడియో పెడితే చూసి చెబుతాను.